చేదు నీళ్ళ పరీక్ష

బుడ్డి నొక్కీ నొక్కీ నర్సు బొటనవేలు వాచింది. పొద్దుటి నుంచి ఇది పదకొండో మనిషి. కుర్చీలో కూర్చున్నావిడ మొహానికి రబ్బరు మాస్కు, మాస్కుకి రెండు పక్కలా గుండ్రటి ఫిల్టర్లు, ఆ పైన తల నుంచి భుజాల దాకా తెల్లటి ముసుగు. ముసుగుకి కళ్ళ దగ్గర ప్లాస్టిక్ కిటికీ, నోటికి ఎదురుగా ఒక రంధ్రం ఉన్నాయి. ఆ రంధ్రంలో స్ప్రే మూతి పెట్టి రబ్బరు బుడ్డి నొక్కితే లోపలంతా చేదు నీళ్ళ తుంపర కమ్ముకుంటుంది. మాస్కు మొహానికి అతుక్కుని ఉంటే నోటికి చేదు తగలదు. సందు ఉంటే తగులుతుంది. పరీక్షంతా ఇంతే.

"మామూలుగా ఊపిరి పీల్చు. ఇప్పుడు గట్టిగా. తల అటూ ఇటూ తిప్పు. దారి తప్పినదానిలా అంత గబగబా కాదు, మెల్లిగా. పైకి, కిందికి. ఏమైనా తగిలిందా?"

ముసుగులో తల అడ్డంగా ఊగింది.

"నోటితో చెప్పు."

"ఏమీ లేదు నర్సమ్మా. బ్రహ్మాండంగా ఉంది."

"బ్రహ్మాండంగా ఉండడానికి నీకేమన్నా సినిమా చూపిస్తున్నానా? లే."

ఆవిణ్ణి పొడి గదిలో అందరూ రేడియో అంటారు. నోటికి మాస్కు ఉన్నా లేకపోయినా వాగుడు ఆగదు కాబట్టి ఆ పేరు వచ్చింది. రేడియో ముసుగు తీసి, జుట్టు సర్దుకుని, పెదాలు ఒకసారి చీర కొంగుతో తుడుచుకుని వెళ్ళిపోయింది. నర్సు ఆమె కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టింది.

మిల్లులో పలుగురాయిని పిండి చేస్తారు. ఆ పిండిని జల్లించి సంచుల్లో నింపేది పొడి గది. అక్కడ పనిచేసే ప్రతి మనిషికీ ఏడాదికోసారి ఈ పరీక్ష జరగాలి. పాసవని వాళ్ళు పొడి గదిలో ఉండకూడదు. రాళ్ళ యార్డుకి పోవాలి. అక్కడ రోజంతా ఎండలో రాళ్ళు ఎత్తి యంత్రం నోట్లో వెయ్యాలి. ఆరేళ్ళుగా నర్సు పరీక్ష పెడుతోంది. ఆరేళ్ళలో ఒక్కరూ యార్డుకి పోలేదు.

ఈసారి గదిలో రెండో బల్ల కూడా వేశారు. దాని మీద బూడిదరంగు డబ్బాలాంటి మెషీను ఉంది, దాని నుంచి రెండు సన్నటి గొట్టాలు వేలాడుతున్నాయి. దాని పక్కన కళ్ళజోడుకి తాడు కట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. మెషీను ఆవిడ మొన్ననే వచ్చింది. ఇరవైమందికి రెండు పద్ధతుల్లోనూ పరీక్ష చేసి, ఏది సరిగ్గా చెబుతోందో పోల్చి చూపించమని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇవాళ స్ప్రే, రేపు మెషీను. ఎల్లుండి సాయంత్రానికి కాగితం వెళ్ళాలి.

"తర్వాత ఎవరు?" అని నర్సు కేకేసింది. ఎవరో చూడగానే ఆమె భుజాలు వాలిపోయాయి. తోడికోడలు.

ఇంటి దగ్గర ఇద్దరి వాటాలకీ మధ్య ఒకే గోడ. ఆ గోడ అవతలి నుంచి వచ్చే ఫిర్యాదు ఏదో నర్సుకి కంఠతా వచ్చు.

"అక్కా, ముక్కు పక్క నుంచి గాలి వస్తోంది." ముసుగు ఇంకా వేయనే లేదు.

"పట్టీ బిగించు."

"బిగిస్తే చెవులు ఊడివచ్చేట్టున్నాయి. అయినా వస్తోంది."

"సరిగ్గా పెట్టుకోవడం నీకెప్పుడు చేతనైంది? గడ్డం కింద ముందు పెట్టి, తర్వాత ముక్కు మీదికి తియ్యమని ఎన్నిసార్లు చెప్పాను?"

"అలాగే పెట్టాను."

"తల తిప్పు. పైకి చూడు. వంగు. చేదు తగిలిందా?"

"చేదు తగల్లేదు కానీ..."

"తగల్లేదుగా. పాసే."

"పాసేలే అక్కా. కానీ గాలి వస్తోంది."

"నీకు గాలి వస్తోంది, చేదు రావడం లేదు. మధ్యలో చేదుని ఎవరైనా గుమ్మం దగ్గర ఆపేశారా?"

బయట వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. తోడికోడలు నవ్వలేదు. మాస్కు తీసి చేత్తో పట్టుకుని నిలబడింది. చిన్న మొహం, సన్నటి చుబుకం. ముక్కుకి రెండు పక్కలా రబ్బరు గుర్తులు ఎర్రగా పడ్డాయి. ఒక పక్క గుర్తు ముక్కు దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయింది. నర్సు అప్పటికే సంతకం పెట్టేసింది.

మెషీను ఆవిడ లేచి వచ్చి ఆ కాగితాన్ని కళ్ళజోడు పైకెత్తి చూసింది.

"సిస్టర్, ఈ పై గడి ఖాళీగా ఉందేమిటి?"

"ఏ గడి?"

"మాస్కు లేకుండా ముందు పల్చటి నీళ్ళు కొట్టి, ఎన్ని నొక్కులకి చేదు తెలిసిందో రాయాలి కదా. అందరివీ ఖాళీయే."

"అది మేము చెయ్యం. రెండేసి నిమిషాలు వృథా అని మేనేజరు గారు వద్దన్నారు. చేదు తెలియని మనిషి ఉంటాడా ఎక్కడైనా?"

మెషీను ఆవిడ అల్మరాలోకి చూసింది. స్ప్రే సీసాలు రెండు రకాలు. ఘాటు నీళ్ళ సీసాలు వాడినవి నాలుగు ఖాళీగా ఉన్నాయి. పల్చటి నీళ్ళ సీసా ఒక్కటే ఉంది, దాని మూత సీలు కూడా తియ్యలేదు. గడువు దాటి మూడేళ్ళయింది. నర్సుకి ఒళ్ళు మండింది. పరాయి మనిషి తన అల్మరాలోకి తొంగిచూడడమేమిటి?

మర్నాడు మెషీను పని మొదలైంది. మాస్కుకి ఒక గొట్టం, బయటి గాలికి ఒక గొట్టం. మెషీను రెండు చోట్లా ధూళి రేణువులు లెక్కపెడుతుంది. బయట వంద ఉంటే లోపల ఒకటికి మించకూడదు. అంటే తెర మీద అంకె వంద దాటితే పాస్. మనిషిని ఏమీ అడగదు. బాగుందా అనదు, తగిలిందా అనదు. గుయ్యిమంటూ కూర్చుంటుంది.

ముందు మగవాళ్ళు కూర్చున్నారు. నూట ఎనభై. మూడు వందల పది. రెండు వందల ఆరు. నర్సు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఎనిమిదిమందీ పాస్, నిన్నటి స్ప్రేలాగే. తర్వాత ఆడవాళ్ళు వచ్చారు.

రేడియోకి నలభై ఒకటి.

"ఏంటమ్మా, తక్కువ మార్కులా? నేను బడిలో కూడా ఇంతేలే," అంది రేడియో, కానీ ఆమె చూపు మెషీను మీద లేదు, తలుపు దగ్గర నిలబడ్డ మేనేజరు మీద ఉంది.

తర్వాతి ఆవిడకి అరవై. ఆ తర్వాత నూట పన్నెండు. మళ్ళీ ముప్ఫై మూడు. అంకె పడ్డప్పుడల్లా మేనేజరు నాలుకతో చప్పుడు చేస్తున్నాడు. తోడికోడలు కూర్చునేసరికి మధ్యాహ్నమైంది. ఆమె ఎప్పటిలాగే ముక్కు పక్కన చూపుడువేలు పెట్టి చూపించబోయింది. మెషీను ఆవిడ, "చెయ్యి తియ్యండి, అదే చెబుతుంది," అంది.

తొమ్మిది.

పట్టీ బిగించి మళ్ళీ చేసింది. ఎనిమిది.

అంకె చూసి ఎవరూ నవ్వలేదు. తొమ్మిది అంటే ఏమిటో చదువురాని వాళ్ళకీ తెలిసింది. బయట తొమ్మిది పాళ్ళు దుమ్ముంటే మాస్కులో ఒక పాలు ఉంది.

సాయంత్రానికి లెక్క తేలింది. స్ప్రేలో ఇరవైకి ఇరవై. మెషీనులో పదకొండు. పోయిన తొమ్మిదిమందీ ఆడవాళ్ళే.

"మెషీను తేడా," అన్నాడు మేనేజరు.

"మెషీను తేడా అయితే మగవాళ్ళందరికీ ఎలా బాగుందండీ?" అని మెషీను ఆవిడ అడిగింది.

"అదే తేడా అంటున్నాను." మేనేజరు నర్సు వైపు తిరిగాడు. "నర్సమ్మా, నీది ఆరేళ్ళ చెయ్యి. మొన్నీమధ్య వచ్చిన డబ్బాని నమ్మమంటావా, నీ చేతిని నమ్మమంటావా? రేపు కాగితం రాసెయ్. స్ప్రే పద్ధతి సరిపోతుంది, మెషీను మన పనికి అక్కర్లేదు అని. కింద నీ సంతకం."

ఆరేళ్ళ చెయ్యి అన్న మాటకి నర్సుకి లోపల ఎక్కడో సంతోషం వేసింది. ఆ వెంటనే చిరాకేసింది, ఎవరి మీదో తెలియలేదు.

ఇంటికి వెళ్ళేసరికి తోడికోడలు పెరట్లో పంపు దగ్గర మొహం కడుక్కుంటోంది. నర్సు బకెట్టు పట్టుకుని గోడ దగ్గర ఆగింది. తోడికోడలు ముక్కు చీదింది, తడి తువ్వాలు చూసుకుంది, మడిచి మళ్ళీ చీదింది. తువ్వాలు మీద తెల్లటి ముద్ద పడింది. ఆమె దాన్ని పంపు కింద పెట్టి, బొటనవేలితో రుద్ది, పిండి ఆరేసింది. రోజూ చేసే పనిలా చేసింది. గోడ ఇవతల మనిషి ఉందని చూసినా ఒక్క మాటా అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే నర్సుకి తేలిగ్గా ఉండేది. ఎదురు అనడానికి పది మాటలు సిద్ధంగా ఉన్నాయి.

మూడో రోజు పొద్దున్నే, షిఫ్టు మొదలుకాకముందే నర్సు గది తెరిచింది. మెషీను ఆవిడ పెట్టెలోంచి కొత్త పల్చటి నీళ్ళ సీసా అడిగి తీసుకుంది. తోడికోడల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూలేసింది.

"మాస్కు తేలేదక్కా."

"మాస్కు అక్కర్లేదు."

"మరి?"

"ఊరికే కూర్చో. నోరు కొంచెం తెరిచి, నోటితో ఊపిరి పీల్చు. చేదు తెలియగానే చెప్పు."

మాస్కు లేని మొహం మీద ముసుగు వేసి నర్సు నొక్కడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. మామూలు మనిషికి పదిలోపే తెలుస్తుందని మెషీను ఆవిడ చెప్పింది. పది. తోడికోడలు కిటికీలోంచి తననే చూస్తోంది. పదిహేను. ఇరవై. ముసుగు ప్లాస్టిక్ మీద తుంపర చుక్కలుగా చేరుతోంది. బొటనవేలి నొప్పి మణికట్టు దాకా పాకింది. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై.

నర్సు చెయ్యి దించింది. ముసుగు లోపలి మనిషి ఓపిగ్గా కూర్చుని ఉంది. కనురెప్పల మీద తడి మెరుస్తోంది.

"ఇంకా మొదలెట్టలేదా అక్కా? అవతల షిఫ్టుకి టైమవుతోంది."

పక్కన నిలబడ్డ మెషీను ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "కొంతమందికి ఈ చేదు తెలియదమ్మా. పుట్టుకతోనే. అందుకే ముందు ఆ గడి పెట్టారు. ముప్ఫైకీ తెలియకపోతే ఆ మనిషికి ఈ పరీక్ష పనికిరాదు."

"అంటే నేను ఆరేళ్ళూ పాసవలేదా?" అంది తోడికోడలు.

"నీకు పరీక్షే జరగలేదు," అంది నర్సు. అని, పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

ఒకరికి చేదు తెలియదు. మరి మిగతా ఎనిమిదిమంది? నర్సు తిన్నగా పొడి గది గుమ్మానికి వెళ్ళి వాళ్ళని బయటికి పిలిచింది.

"నిజం చెప్పండి. మొన్న చేదు తగిలిందా లేదా?"

అందరూ నేల చూశారు. రేడియో ఒక్కతే పైకి చూసింది.

"తగలకేం నర్సమ్మా! నోరంతా చేదే. ఆ రోజంతా మంచినీళ్ళు తాగినా చేదే."

"మరి బ్రహ్మాండంగా ఉందన్నావు!"

"చేదని చెబితే యార్డు. లేదని చెబితే జల్లెడ. నువ్వే చెప్పు, నా నడుంతో రాళ్ళెత్తమంటావా? నువ్వు అడుగుతావు, మేము లేదంటాం, నువ్వు సంతకం పెడతావు. ఆరేళ్ళుగా బండి నడుస్తోందిగా."

"ఆరేళ్ళు నాతో ఆటలాడారా? నేను వేలు వాచేట్టు నొక్కుతుంటే ఒక్కదానికీ నోరు పెగల్లేదా? ఊపిరితిత్తులు మీవా, నావా?"

"నీ తోడికోడలు నోరు పెగిలి రోజూ చెప్పిందిగా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. "ఏం చేశావు?"

నర్సు గొంతు తగ్గించింది.

"ఒక్కరు ఫెయిలైతే యార్డుకి పంపుతారు. తొమ్మిదిమందిని పంపితే జల్లెడ ఎవరు పడతారు? మేనేజరా?"

రేడియో కళ్ళు చిన్నవి చేసుకుని ఆలోచించింది. "జల్లెడ పట్టుకోవడం కూడా రాదాయనకి," అంది చివరికి.

పదకొండు గంటలకి మేనేజరు కాగితం కోసం వచ్చాడు. నర్సు ఖాళీ కాగితం చూపించింది.

"ఇంకోసారి మీ ఎదురుగా చేస్తాను సార్. తర్వాత రాస్తాను."

"ఎందుకూ? అయిపోయిన పనికి..."

అప్పటికే మొదటి ఆవిడ మాస్కు పెట్టి, ముసుగు వేసుకుని కూర్చుంది. నర్సు ఆరు నొక్కులు నొక్కిందో లేదో, "చేదు," అంది. లేచిపోయింది. రెండో ఆవిడ, "చేదు." మూడో ఆవిడా అదే మాట చెప్పింది. రేడియో కూర్చుంటూనే, "కొట్టకముందే చేదుగా ఉంది సార్, మొన్నటిది ఇంకా పోలేదు," అంది.

మేనేజరు మొహం ఎర్రబడింది. "మొన్న ఎవరికీ లేని చేదు ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది? నర్సమ్మా, ఏమిటీ నాటకం?"

"నాటకం ఆరేళ్ళుగా ఆడింది సార్. వాళ్ళు భయపడి లేదన్నారు, నేను నమ్మి రాశాను. ముందు చెయ్యాల్సిన పరీక్ష చెయ్యనేలేదు. మీరు వద్దన్న మాట నిజమే, కానీ సంతకం నాది. ఆరేళ్ళ కాగితాలూ చెల్లవు. అలాగే రాస్తాను."

"నీ ఉద్యోగం సంగతి ఆలోచించుకునే మాట్లాడుతున్నావా?"

"రాత్రంతా అదే ఆలోచించాను సార్. నిద్ర పట్టలేదు."

మేనేజరు ఒక మాస్కు అందుకుని గాల్లో ఊపాడు. "ఈ మాస్కులో ఏ లోపమూ లేదు. కొనే ముందు నేను స్వయంగా పెట్టుకుని చూశాను. అచ్చు గుద్దినట్టు సరిపోయింది. అందుకే అందరికీ ఇదే తెప్పించాను."

"కూర్చోండి సార్, చూద్దాం," అంది మెషీను ఆవిడ.

కూర్చున్నాడు. వెడల్పాటి మొహం, నిండైన బుగ్గలు. మాస్కు చుట్టూ ఎక్కడా వెంట్రుకవాసి సందు లేదు. మెషీను గుయ్యిమని, నాలుగు వందల ఇరవై చూపించింది.

"చూశారా!" అన్నాడు మాస్కులోంచే.

"చూశాం సార్," అంది రేడియో. "అయితే రేపటి నుంచి మేమంతా మీ మొహం పెట్టుకుని వస్తాం."

మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మెషీను ఆవిడ కూడా కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. మేనేజరు నవ్వలేదు. కానీ మాస్కు తీసి, లోపలి వైపు తిప్పి, చాలాసేపు చూశాడు. తర్వాత ఆ తొమ్మిదిమందినీ చూశాడు. సన్నటి మొహాలు, కోల మొహాలు, దవడలు లోపలికి పోయిన మొహాలు.

"వీటిలో చిన్నవి దొరుకుతాయా?" అని మెషీను ఆవిణ్ణి అడిగాడు, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

"మొదటి నుంచీ మూడు సైజులు ఉన్నాయండీ."

ఆ పూట జల్లెడలు ఆగిపోయాయి. తొమ్మిదిమందీ గది బయట బల్ల మీద వరసగా కూర్చున్నారు. అటూ ఇటూ పోతున్న మగవాళ్ళు, "ఏంటి, సెలవా?" అని ఆటపట్టించారు. మేనేజరు వాళ్ళ ముందు నుంచి నాలుగుసార్లు తిరిగాడు. ఎవరినీ యార్డుకి పొమ్మనలేదు. నర్సు లోపల కూర్చుని కాగితం రాసింది. చేతివ్రాత కుదరక రెండుసార్లు చింపింది. చివరికి రాసింది నాలుగే వాక్యాలు. కింద సంతకం పెట్టింది.

తోడికోడలు ఆ సాయంత్రం కూడా ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాతి రోజూ మాట్లాడలేదు. గోడ అవతల గిన్నెల చప్పుడు మాత్రం మామూలు కన్నా గట్టిగా వినిపించింది.

చిన్న సైజు మాస్కులు మూడో నాడు వచ్చాయి. ముందుగా నమూనాకి పది పంపారు. మెషీను ఆవిడ అవి వచ్చేదాకా ఉండడానికి ఒప్పుకుంది. మేనేజరు తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. రేడియో వాళ్ళంతా కిటికీ దగ్గర చేరారు. మొదట తోడికోడలే కూర్చోవాలని ఎవరూ అనుకోకుండానే అందరూ ఆమెకి దారి ఇచ్చారు.

ఆమె మాస్కు గడ్డం కింద పెట్టి, ముక్కు మీదికి తీసి, పట్టీలు సర్దుకుంది. నర్సు సాయం చెయ్యబోతే భుజం పక్కకి జరుపుకుంది. గొట్టం తగిలించారు. మెషీను మొదలైంది.

మామూలు ఊపిరి. రెండు వందల ముప్ఫై. గట్టి ఊపిరి. రెండు వందల పది. తల అటూ ఇటూ తిప్పితే నూట తొంభై. పైకీ కిందికీ చూస్తే రెండు వందలు. తోడికోడలికి తెర కనిపించదు. నర్సుకి కనిపిస్తోంది.

"ఇప్పుడు మాట్లాడండి," అంది మెషీను ఆవిడ. "దవడ కదలాలి, గట్టిగా మాట్లాడాలి. సందు ఉంటే ఇక్కడే బయటపడుతుంది. ఒక నిమిషం ఆపకుండా."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా సరే. మీ ఇష్టం."

తోడికోడలు తల తిప్పి నర్సుని చూసింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి.

"సరిగ్గా పెట్టుకోవడం నాకు రాదన్నావు," అంది. మాస్కులోంచి గొంతు బొంగురుగా, దూరం నుంచి వస్తున్నట్టుంది. "పట్టీ బిగించమన్నావు. బిగిస్తే తలనొప్పి, అది చెబితే నాటకాలన్నావు. బట్టలారేస్తూ చెప్పాను, అన్నం వండుతూ గోడ మీంచి చెప్పాను, నీకు జ్వరమొస్తే కాళ్ళు పడుతూ కూడా చెప్పాను. వినిపించలేదా? సొంత మనిషివని చెప్పాను. వేరేవాళ్ళైతే ఒకసారి చెప్పి ఊరుకునేదాన్ని. అందరి ముందూ నవ్వించావు. చేదుని గుమ్మం దగ్గర ఆపారా అని అడిగావు. నేను రోజూ ఎంత తెల్లటి చీమిడి చీదుతానో ఒక్కసారైనా వచ్చి చూశావా? నువ్వు నర్సువి కదా! నాడి పట్టుకుని చూస్తావు, కళ్ళు లాగి చూస్తావు, నా ముక్కు పక్కన వేలు పెట్టి చూడడానికి నీకు ఆరేళ్ళు..."

మేనేజరు తలుపు దగ్గర నుంచి మెల్లిగా తప్పుకున్నాడు. కిటికీ దగ్గర రేడియో కూడా నోరు మూసుకుని ఉంది. నర్సు కళ్ళు తెర మీదే ఉన్నాయి. రెండు వందల ఐదు. రెండు వందల పన్నెండు. దవడ కదులుతోంది, మెడ నరం ఉబ్బుతోంది, ముక్కుపుటాలు అదురుతున్నాయి. మాస్కు మాత్రం కదలడం లేదు. రెండు వందల ఎనిమిది.

మెషీను కీచుమంది.

"నిమిషం అయింది," అంది మెషీను ఆవిడ. "మాట్లాడడం ఆపొచ్చమ్మా."

తోడికోడలు ఆపలేదు. నర్సు స్టూలు ఇంకాస్త ముందుకు లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చుంది.